హహ్వే పల్లెలో శరదృతువు పండుగ: పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

రాజమండ్రి_రవళి
ఆగస్టు 19

అందరికీ నమస్తే. మేము దక్షిణ కొరియాలో, సోల్ దగ్గరి సువన్‌లో ఉంటాం. సెప్టెంబరు ఆఖర్లో మా అమ్మ, అత్తగారు ఇద్దరూ వస్తున్నారు, ఈసారి దసరా ఇక్కడే. సోల్‌లో రాజుల కోటలూ టవరూ ఎలాగూ చూస్తారు, నాకేమో ఒక పల్లెటూరు చూపించాలని ఉంది. ఆన్‌దోంగ్ దగ్గర హహ్వే అనే ఊరు ఉందట, ఆ రోజుల్లోనే అక్కడ ముసుగు నాటకాల పండుగ, రాత్రిపూట నది మీద నిప్పుల వేడుక జరుగుతాయని మా ఆయన కొలీగ్ చెప్పాడు. ఇంకో కొలీగేమో అంత దూరం ఎందుకు, పక్కనే యోంగిన్‌లో ఫోక్ విలేజ్ పెట్టుకుని అంటున్నాడు.

అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. అత్తగారు చేపలు తింటారు కానీ మోకాళ్ల నొప్పులు. వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అసలు జనంలో వీళ్లని తిప్పగలనా అని టెన్షన్‌గా ఉంది.

దేజన్_దారి
ఆగస్టు 19

యోంగిన్‌ది 1974లో కట్టిన పార్కు అండీ. పాత ఇళ్లు తెచ్చి పెట్టారు, కొన్ని కొత్తగా కట్టారు, సాయంత్రం గేటు వేసి అందరూ ఇళ్లకు పోతారు. పిల్లలున్న ఇంటికి బాగుంటుంది, గుర్రపు విన్యాసాలూ అవీ ఉంటాయి, తప్పు పట్టను. హహ్వే అలా కాదు, నిజమైన ఊరు. పుంగ్సాన్ ర్యూ వంశంవాళ్లు దాదాపు 600 ఏళ్లుగా అక్కడే ఉన్నారు, ఇప్పటికీ జనం కాపురాలు చేస్తున్నారు, పొలాల్లో వరి కోతకు వచ్చి ఉంటుంది, ఇంటి ముందు మిరపకాయలు ఎండబోసి ఉంటాయి. 2010లో గ్యోంగ్జు దగ్గరి యాంగ్‌దోంగ్ ఊరితో కలిపి యునెస్కో జాబితాలో పెట్టారు.

ఒక విషయం ముందే చెప్తాను, చాలామంది ఇక్కడే గందరగోళపడతారు. ముసుగు నాటకాల అంతర్జాతీయ పండుగ (1997 నుంచి జరుగుతోంది) ఆన్‌దోంగ్ పట్నంలో. హహ్వే అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరం. నిప్పుల వేడుక మాత్రం హహ్వేలోనే, అదీ రోజూ ఉండదు, పండుగ రోజుల్లో వచ్చే శనివారం చూసుకోవాలి. ఇవి కాక హహ్వే టికెట్ కౌంటర్ దగ్గరున్న హాల్లో మధ్యాహ్నం 2 గంటలకు ఊరి సొంత ముసుగు నాటకం ఆడతారు, సోమవారం సెలవు, డబ్బులు అడగరు. ఈ మూడూ మూడు వేరు సంగతులు. మూడింటికీ వెళ్లాలంటే రాత్రి అక్కడ ఉండాల్సిందే.

సువన్ నుంచి లైన్ 1లో నేరుగా చోంగ్‌న్యాంగ్ని వెళ్లిపోండి, అక్కడ కేటీఎక్స్ (వేగంగా పోయే రైలు) ఎక్కితే రెండు గంటల్లో ఆన్‌దోంగ్. అక్కడి నుంచి 210 నంబరు సిటీ బస్సు. ఇద్దరు పెద్దవాళ్లతో అంటే నేనైతే స్టేషన్ నుంచి ట్యాక్సీ మాట్లాడేస్తాను.

కాకతీయ_కెమెరా
ఆగస్టు 20

పండుగ రోజుల్లో మాత్రం వద్దు అక్కా. నేను ఫొటోలకని పోయిన, ఊరికి పోయేది ఒకటే రోడ్డు, శనివారం పొద్దున్నుంచే కార్లు ఆగిపోయినయ్. ఊళ్లో ఏ గోడ ఫొటో తీసినా ముందు పదిమంది. అక్టోబరు చివర్లో, నవంబరు మొదట్లో మామూలు బుధవారమో గురువారమో పోతే ఎర్రాకులు కూడా దొరుకుతయ్. పండుగ టైంకి ఆకులు ఇంకా పచ్చగానే ఉంటయ్, అది కూడా తెలుసుకుని పోవాలె.

నిప్పుల వేడుక ఒక్కదానికి మాత్రం ఆ జనాన్ని భరించొచ్చు, అబద్ధం ఎందుకు.

రాజమండ్రి_రవళి
ఆగస్టు 20

ఆ నిప్పుల వేడుక ఏంటో కాస్త చెప్పరా, బాణసంచా లాంటిదేనా? అమ్మకి చప్పుడు పడదు.

కాకతీయ_కెమెరా
ఆగస్టు 20

బాణసంచా కాదు, చప్పుడే ఉండదు. ఊరిని చుట్టుకుని నక్‌దోంగ్ నది పోతుంది. ఇవతల ఒడ్డున మన్సోంగ్‌జోంగ్ అని పైన్ చెట్ల తోపు, అవతల బుయోంగ్దే అని నిట్టనిలువు రాతి కొండ, 64 మీటర్లు. ఈ తోపు నుంచి ఆ కొండ అంచుకి నది మీదుగా తాళ్లు కడతరు. తాళ్ల పొడవునా బొగ్గుపొడి నింపిన కాగితం సంచులు వేలాడుతుంటయ్. నిప్పంటిస్తే అది మెల్లగా పాక్కుంటూ పోతది, నిప్పురవ్వలు సన్నగా, ఆగకుండా, నీళ్ల మీద రాలుతూనే ఉంటయ్, గంట పైనే. గాలి కొంచెం వీస్తే ఆ రవ్వలన్నీ ఒక పక్కకి వంగుతయ్, అదొక్కటి కెమెరాల దొరకబట్టనీకె నా తల ప్రాణం తోకకొచ్చింది.

మధ్యమధ్యల జనమంతా కలిసి "నఖ్వాయా" అని అరుస్తరు. అప్పుడు కొండ మీది నుంచి మండుతున్న పైన్ కొమ్మల మోపు కిందికి తోసేస్తరు. రాయికి తగిలి పగిలి కుప్పలుగా రాలుతది. నీళ్ల మీద చిన్న దీపాలు వదులుతరు, పడవ ఒకటి తిరుగుతుంటది. ఇసుకల చాప వేసుకుని కూర్చోవాలె. రాత్రి నది పక్కన చలి బాగుంటది, శాలువాలు తప్పకుండా.

చిన్నక్క_దేగు
ఆగస్టు 21

రవళీ, తిండి సంగతి నేను చెప్తాను, మిగతా వాళ్లంతా మగపిల్లలు, ఏదైనా తినేస్తారు.

ఆన్‌దోంగ్ అంటే జిమ్‌దక్, అంటే సోయా సాస్‌లో ఉడికించిన కోడి, పాత బజారులో దానికో సందే ఉంది. ఇంకోటి ఉప్పు పట్టించిన మాకెరెల్ చేప. సముద్రానికి దూరంగా ఉన్న ఊరు కాబట్టి తెచ్చే దారిలోనే ఉప్పు పట్టించేవాళ్లు, అదే రుచిగా నిలిచిపోయింది. మీ అత్తగారికి అది ఇప్పించు, వేడన్నంతో చాలా బాగుంటుంది. హహ్వే ముందున్న హోటళ్లన్నీ ఈ రెండే వండుతాయి, మీ అమ్మగారికి ఆ వాసనే పడకపోవచ్చు.

అమ్మగారికి బిబింబాప్ (కూరగాయలతో కలుపుకునే అన్నం) అడిగి మాంసం, గుడ్డు తీసేయమను. "గోగి పేగో, గేరాన్ పేగో జుసేయో" అంటే చాలు. కానీ పక్కన పెట్టే కిమ్చీలో చేపల పులుసు ఉంటుంది, దోన్‌జాంగ్ (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు చాలాచోట్ల ఎండు చేపల నీళ్లతో కాస్తారు, ఆ రెండూ ముట్టనివ్వకు. బంగాళదుంప అట్టు (గామ్జాజొన్) చాలాసార్లు గుడ్డు లేకుండానే చేస్తారు, అడిగి తీసుకో. అక్కడి ఆపిల్స్ బాగుంటాయి, ఆ టైంకి కొత్త కాయ వస్తుంది. ఇంత చెప్పాక కూడా నా సలహా ఏంటంటే పులిహోర డబ్బా పెట్టుకో, ఎవరూ ఏమీ అనరు.

హొత్‌జేసాబాప్ అని ఒకటి ఉంటుంది. జేసా అంటే వీళ్ల తద్దినం. ఆ తద్దినం వంటని తద్దినం లేకుండానే వండుకుని తినడం అన్నమాట. ఇత్తడి గిన్నెల్లో పెడతారు. అందులో కారం, వెల్లుల్లి వేయరు, ఎర్ర పేస్టు బదులు సోయా సాస్‌తో కలుపుకుంటారు. చదువుకునే పెద్దమనుషులకి రాత్రిళ్లు ఆకలేస్తే దొంగ తద్దినం పెట్టించి తినేవాళ్లని ఓ కథ చెప్తారు.

రాజమండ్రి_రవళి
ఆగస్టు 21

చిన్నక్కా, తద్దినం భోజనం అని చెప్తే మా అమ్మ ఆ హోటలు గుమ్మం కూడా తొక్కదు 😂

పెనుకొండ_పవన్
ఆగస్టు 22

నేను కొరియా ఎప్పుడూ వెళ్లలేదు కానీ ఈ చర్చ చూసి ఆగలేకపోయా. పెనుకొండ దగ్గర కియా ప్లాంట్ వచ్చాక మా వైపు కొరియన్లు చాలామంది ఉంటున్నారు, వాళ్ల హోటళ్లు కూడా పెట్టారు. మా ఇంటి కింద అద్దెకున్న సార్‌ది ఆన్‌దోంగే. మా ఊరివాళ్లని మిగతా కొరియన్లు చాదస్తులు అంటారని ఆయనే నవ్వుతూ చెప్తాడు. చుసోక్ (వాళ్ల పంటల పండుగ) వస్తే వాళ్ల పెద్దన్న ఇంట్లో తాతముత్తాతలందరికీ వరసగా పెట్టాలట, వంటంతా వదినలదే, ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లకుండా పెనుకొండలో ఉండిపోవడానికి ఆయన భార్య సంతోషంగా ఒప్పుకుందట.

ఆయన ఒక మాట చెప్పాడు, ఈ సంవత్సరం (2025) చుసోక్ అక్టోబరు 6న కాబట్టి 3 నుంచి 9 దాకా వరస సెలవులు, రైలు టికెట్ దొరకడం కల్ల. పండుగ మొదటి వారాంతంలోనే వెళ్లమను అన్నాడు.

దేజన్_దారి
ఆగస్టు 22

పవన్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అక్టోబరు మొదటి వారం రోడ్ల మీదా రైళ్లలోనూ దేశం దేశమంతా ఉంటుంది.

నిశ్శబ్ద_పాఠకుడు
ఆగస్టు 23

అందరూ అందం గురించి రాస్తున్నారు, నేను కొంచెం చేదు మాట రాస్తాను, రవళి గారు ఏమీ అనుకోవద్దు.

హహ్వే మ్యాపు ఒకసారి చూడండి. నడిమధ్యలో పెంకుటిళ్లు, యాంగ్జిందాంగ్, చుంగ్‌హ్యోదాంగ్ లాంటివి, ర్యూ వంశం పెద్దలవి. చుట్టూ గడ్డి ఇళ్లు. ఆ గడ్డి ఇళ్లలో ఎవరుండేవాళ్లు? వాళ్ల పొలాలు కౌలుకి చేసేవాళ్లు, వాళ్ల ఇంట్లో చాకిరీ చేసేవాళ్లు. అప్పట్లో అక్కడ బానిసలు కూడా ఉన్నారు, పుట్టుకతోనే వచ్చే బానిసత్వం, అమ్మడం కొనడం కూడా ఉండేది. 1894 సంస్కరణల దాకా చట్టంలోనే నడిచింది. పశువుల్ని కోసే పెక్జోంగ్ అనే వాళ్లని ఊరి అవతల ఉంచేవాళ్లు, చట్టం మారాక కూడా బడిలో పిల్లల్ని చేర్చుకోకపోతే 1923లో జింజు పట్నంలో వాళ్లు సమానత్వం కోసం ఉద్యమం మొదలుపెట్టాల్సి వచ్చింది. మనకి ఇది అర్థం కావడానికి అనువాదం అక్కర్లేదు.

నిప్పుల వేడుక కూడా అంతే. పడవలో కూర్చుని సారా తాగుతూ పద్యాలు చెప్పుకున్నది దొరలు. కొండెక్కి మంట పట్టుకుని నిలబడింది వాళ్లు కాదు. టూరిస్టు బ్రోచర్లో "పెద్దమనుషుల వినోదం" అని రాస్తారు, మిగతాది రాయరు.

కాకతీయ_కెమెరా
ఆగస్టు 23

అన్నా అమ్మని తీసుకుని ఊరు చూడనీకె పోతున్న అక్కకి ఇదంతా ఎందుకు?

చిన్నక్క_దేగు
ఆగస్టు 23

చెప్పనీ తమ్ముడూ, తప్పేం మాట్లాడలేదు. తాజ్‌మహల్ ముందు నిలబడి కూలీల సంగతి మాట్లాడేవాళ్లు మన ఇంట్లోనూ ఉంటారు.

దేజన్_దారి
ఆగస్టు 24

నిశ్శబ్ద గారూ, మీరన్న చాలావాటికి జవాబు ఆ ఊళ్లోనే ఉంది, మధ్యాహ్నం 2 గంటల నాటకంలో. మీరు చూశారో లేదో తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

హహ్వే బ్యోల్సిన్‌గుత్ అంటే అసలు ఊరి దేవతకి చేసే జాతర. ఏటా కాదు, పదేళ్లకోసారి, లేకపోతే దేవత అడిగిందనుకున్నప్పుడు. అందులో భాగం ఈ ముసుగు నాటకం. ఆడేవాళ్లు గడ్డి ఇళ్లవాళ్లు. చూస్తూ కూర్చునేవాళ్లలో పెంకుటింటి దొరలు. ఖర్చు కూడా దొరలదే. ఇక నాటకంలో జరిగేదేంటంటే, యాంగ్బాన్ (దొర), సొన్బి (పండితుడు) ఇద్దరూ బునే అనే అమ్మాయి కోసం పోటీ పడతారు. మా వంశం గొప్పదంటే మా వంశం గొప్పదని మొదలుపెడతారు. నేను నాలుగు గ్రంథాలు, మూడు శాస్త్రాలు చదివానంటాడు ఒకడు. ఓస్ అంతేనా, నేను ఎనిమిది గ్రంథాలు, ఆరు శాస్త్రాలు చదివానంటాడు రెండోవాడు. అలాంటి గ్రంథాలు లేనే లేవు! పక్కనున్న పనివాడు చొరెంగి ఆ ఆరు శాస్త్రాలేంటో నాకు తెలుసని పిచ్చి జాబితా ఒకటి చదువుతాడు, దొరలిద్దరూ అవునవునంటారు. ఈలోగా పెక్జోంగ్ వచ్చి ఎద్దు వృషణాలు అమ్మకానికి పెడతాడు, మగతనానికి మంచిదని చెప్పగానే ఆ ఇద్దరు పెద్దమనుషులూ నాదంటే నాదని చెరో పక్క పట్టుకుని లాగుతారు. హల్మి అనే ముసలావిడ వచ్చి ఇద్దరికీ గడ్డి పెడుతుంది.

అంటే దొరల డబ్బుతో, దొరల ముంగిట్లో, దొరల పరువు తీసేవాళ్లు. మన పగటివేషాలవాళ్లు కరణాన్నీ మునసబునీ ఆడిపోసుకున్నట్టే, కాకపోతే ఇక్కడ వేషం కట్టింది బయటి బృందం కాదు, ఆ దొర పొలం దున్నే మనిషి. రేపు పొద్దున్నే మళ్లీ అదే పొలానికి వెళ్లాలి.

నిశ్శబ్ద_పాఠకుడు
ఆగస్టు 24

చూశాను. బాగా నవ్వాను కూడా. కానీ పదేళ్లకోసారి ఒక పూట తిట్టుకోనిస్తే మిగతా రోజులు నోరెత్తకుండా పనిచేస్తారని దొరలకి తెలుసు, ఖర్చు ఊరికే పెట్టలేదు. అయినా మీ మాట ఒప్పుకుంటాను, ఊళ్లో ఒక్కటే చూసే టైముంటే ఇళ్లు వదిలేసి నాటకం చూడమనే నేనూ చెప్తాను. ఆ గడ్డి ఇళ్లవాళ్లు మనకి వదిలి వెళ్లింది అదొక్కటే.

ఊళ్లో ఆ జాతర ఆఖరిసారి జరిగింది 1928లో. తర్వాత దాదాపు అర్ధశతాబ్దం ఎవరూ ఆడలేదు. 70ల్లో మళ్లీ నేర్చుకుందామనుకున్న కుర్రాళ్లకి 1928లో పెళ్లికూతురి వేషం కట్టిన ముసలాయన దొరకడం వల్ల కదలికలు, మాటలు తిరిగి వచ్చాయి. 1980లో జాతీయ గుర్తింపు, 2022లో కొరియా ముసుగు నాటకాలన్నింటికీ కలిపి యునెస్కో గుర్తింపు.

కాకతీయ_కెమెరా
ఆగస్టు 24

ముసుగుల గురించి ఎవరూ రాయలేదేంది. గోర్యో రాజుల కాలం నాటి చెక్క ముసుగులు, ఆల్డర్ చెట్టు కలపతో చేసినయ్, జాతీయ నిధి. దొర, పండితుడు, సన్యాసి, కసాయి, ఈ నాలుగింటికీ కింది దవడ విడిగా ఉంటది, తాడుతో కడతరు. నటుడు తల పైకెత్తితే ముసుగు పకపకా నవ్వినట్టు, దించితే కోపంగా ఉన్నట్టు అయిపోతది. ఒకే చెక్క! ఇమే అనే అమాయకపు పాత్రకి దవడే లేదు. హో అనే కుర్రాడు దేవత ఆజ్ఞ మీద ఎవరి కంటా పడకుండా ముసుగులు చెక్కుతుంటే, అతన్ని ప్రేమించిన పిల్ల ఆగలేక కిటికీ కాగితానికి కన్నం పెట్టి చూసిందట, వాడు రక్తం కక్కుకుని పోయాడు, ఇమే గడ్డం అట్లనే ఉండిపోయింది. కథే అనుకో, కానీ హాల్లో ఇమే కుంటుకుంటూ వచ్చినప్పుడు గుర్తొస్తది.

అసలు ముసుగులు సోల్ మ్యూజియంల చాలా ఏళ్లు ఉండి 2017 చివర్ల ఆన్‌దోంగ్ వచ్చినయ్. హాల్లో కట్టేవి నకళ్లు.

రాజమండ్రి_రవళి
ఆగస్టు 25

ఇంత మంచి చర్చ అవుతుందని అనుకోలేదు, అందరికీ థాంక్స్. సెప్టెంబరు 27 శనివారానికి టికెట్లు తీసేశాం. రాత్రి ఉండటానికి ఊళ్లోనే ఒక ఇంట్లో గది దొరికింది. మా ఆయన కొరియన్‌లో ఫోన్ చేసి మాట్లాడాడు.

చిన్నక్క_దేగు
ఆగస్టు 25

ఊళ్లో గది అంటే నేల మీద పరుపే ఉంటుంది, మంచం ఉండదు. అత్తగారి మోకాళ్లకి కింద కూర్చుని లేవడం కష్టం, ఒక చిన్న కుర్చీ ఇవ్వగలరేమో అడుగు. నేల కింద నుంచి వేడి వస్తుంది, ఆ వెచ్చదనానికి నొప్పులు కూడా తగ్గుతాయి, అది వేరే సంగతి. తలుపులు కాగితంవి, పక్క గదిలో దగ్గితే వినపడుతుంది. బాత్రూము గదికి ఆనుకుని ఉందో, వాకిలి దాటి వెళ్లాలో కూడా తప్పకుండా కనుక్కో.

మోడరేటర్
ఆగస్టు 26

ఇళ్ల యజమానుల ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి, విడిగా మెసేజ్ చేసుకోండి. ఒక పోస్టు తొలగించాను.

రాజమండ్రి_రవళి
అక్టోబరు 8

వెళ్లొచ్చాం! కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

టికెట్ పెద్దలకి 5,000 వొన్లు. అక్కడి నుంచి ఊళ్లోకి కిలోమీటరు పైనే, షటిల్ బస్సు తిరుగుతుంది, కాబట్టి అత్తగారికి ఇబ్బంది కాలేదు. ఊరంతా చదును నేల, మెట్లు ఇళ్ల అరుగులకే. జనం బాగానే ఉన్నారు, కెమెరా తమ్ముడు చెప్పినంత భయంగా అయితే లేదు, లేదా సువన్ మెట్రో అలవాటైపోయి నాకు అనిపించలేదేమో.

ముందు 2 గంటల నాటకానికే వెళ్లాం. పక్కన తెర మీద ఇంగ్లీష్‌లో మాటలు వేస్తున్నారు కానీ అమ్మకి అవి అక్కర్లేకపోయాయి. ఎద్దు వేషం వచ్చింది, ఇద్దరు లోపల దూరి నడుస్తారు, అది కాలెత్తి ముందు వరసలో వాళ్ల మీద నీళ్లు కొట్టింది, మా అత్తగారి చీర మీద కూడా పడ్డాయి. ఆవిడ నవ్వు ఆపడానికి మాకు చాలాసేపు పట్టింది. దొర, పండితుడు కొట్టుకుంటుంటే అమ్మ "వీళ్లు మా పెదనాన్నా, వాళ్ల బావమరిదీ లాగే ఉన్నారే" అంది. హల్మి మగ్గం ముందు కూర్చుని తన కష్టాలు పాడుకునే చోట మాత్రం ఇద్దరూ మాట్లాడలేదు. చిన్న వయసులోనే మొగుడు పోయిన మనిషి పాట అది. నిశ్శబ్ద గారూ, మీరు రాసింది చదివి వెళ్లడం వల్ల నేను ఆ నాటకాన్ని ఇంకోలా చూశాను, దానికి మీకు ప్రత్యేకంగా థాంక్స్.

ఊళ్లో అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, "ఇంత ఊరికి ఒక్క బావీ లేదేంటే?" అని. నిజమే, లేదు! మా గది ఇంటావిడ చెప్పింది, మూడు పక్కలా నది ఉన్న ఈ ఊరిని నీళ్ల మీద పడవ అని నమ్ముతారట, బావి తవ్వితే పడవకి చిల్లు పెట్టినట్టు. రాళ్ల గోడలు కడితే బరువుకి మునుగుతుందని ప్రహరీలు మట్టివే. మన వాస్తు పిచ్చి ఏం తక్కువ అనుకున్నాను, అమ్మ మాత్రం వాళ్లు చేసింది సబబే అని తేల్చేసింది.

ఊరి మధ్య 600 ఏళ్ల జెల్కోవా చెట్టు ఉంది, దానికి కోరికలు రాసిన తెల్ల కాగితాలు కడతారు. అమ్మ తెలుగులో ఏదో రాసి కట్టింది, ఏం రాసిందో చెప్పలేదు, మా తమ్ముడి పెళ్లి గురించే అయ్యుంటుంది. చుంగ్‌హ్యోదాంగ్ చూశాం, ర్యూ సోంగ్‌ర్యోంగ్ వంశం ఇల్లు. 1592లో జపాన్ దండెత్తినప్పుడు మంత్రిగా దేశాన్ని నడిపినవాడు, యీ సున్‌షిన్‌ని నౌకాదళానికి సిఫార్సు చేసినవాడు. 1999లో ఎలిజబెత్ రాణి తన 73వ పుట్టినరోజున ఇక్కడికి వచ్చిందట, ఆవిడ నాటిన చెట్టు కూడా చూపించారు.

చాలా ఇళ్లకి గేటు మూసి, లోపలికి రావద్దని బోర్డులున్నాయి. అయినా ఒకాయన గోడ మీంచి ఫోన్ పెట్టి తీస్తుంటే లోపలి నుంచి ముసలావిడ అరిచింది. బాగా పెట్టింది.

భోజనం సంగతి చిన్నక్క చెప్పినట్టే. అత్తగారు చేప, అమ్మ బంగాళదుంప అట్టు, పైగా మా పులిహోర. ఇంటావిడ పులిహోర రుచి చూసి చింతపండు ఏంటని అడిగింది, మిగిలిన గుజ్జు ఇచ్చి వచ్చాం.

నిప్పుల వేడుక గురించి కెమెరా తమ్ముడు రాసినదానికి నేనేం కలపను. చోటు కోసం మాత్రం చీకటి పడకముందే వెళ్లాలి, మా ఆయన సాయంత్రం నుంచే చాప పరిచి కాపలా కూర్చున్నాడు. మొదట్లో అమ్మ "ఇంతేనా" అంది, తాళ్లు నాలుగూ అంటుకున్నాక ఇక అనలేదు. "నఖ్వాయా" అని మా అత్తగారు అరిచిన అరుపుకి ముందున్న కొరియన్ కుర్రాళ్లు వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. అయ్యాక కార్లలో వచ్చినవాళ్లు, షటిల్ బస్సు లైనులో ఉన్నవాళ్లు ఎంతసేపు నిలబడ్డారో, మేము నడుచుకుంటూ గదికి వెళ్లిపోయాం. గది ఊళ్లో తీసుకోవడం వల్ల కలిగిన సుఖం అదే.

దేజన్_దారి
అక్టోబరు 8

అద్భుతంగా రాశారు. బ్యోంగ్‌సాన్ సోవొన్ వెళ్లారా? హహ్వేకి దగ్గరే, పాత విద్యాపీఠం, 2019లో యునెస్కో గుర్తించిన తొమ్మిదింటిలో ఒకటి. మందేరు అనే మండపం స్తంభాల మధ్య నుంచి నదీ కొండా కనిపిస్తాయి.

రాజమండ్రి_రవళి
అక్టోబరు 8

వెళ్లాం, ఆదివారం పొద్దున్నే ట్యాక్సీలో. మండపం కిందనే కూర్చున్నాం, ఎక్కనివ్వడం లేదు. మార్చిలో వచ్చిన పెద్ద కార్చిచ్చు ఇక్కడికి దగ్గరదాకా వచ్చిందని ట్యాక్సీ ఆయన చూపించాడు, దారి పొడవునా కొండలు నల్లగా కాలిపోయి ఉన్నాయి.

చిన్నక్క_దేగు
అక్టోబరు 9

ఆ రోజులు నాకు గుర్తున్నాయి, దేగు దాకా పొగ వాసన. పక్కనున్న ఉయిసోంగ్‌లో 681లో కట్టిన గోఉన్సా గుడి కాలిపోయింది. హహ్వేలో గడ్డి కప్పుల మీద నీళ్లు కొడుతూనే ఉన్నారు, ఊరు ఖాళీ చేయమని మెసేజులు. గడ్డి కప్పుకి ఒక్క నిప్పురవ్వ చాలు కదా. ఈ శరదృతువులో నిప్పుల వేడుక చేస్తారా అని నాకు అనుమానంగానే ఉండేది, నదికి ఆనుకుని చేస్తారు కాబట్టి సరిపోయింది.

నిశ్శబ్ద_పాఠకుడు
అక్టోబరు 9

మీ అమ్మగారి పెదనాన్న పోలిక చదివి చాలాసేపు నవ్వుకున్నాను. దొరల్ని చూసి అమ్మ ఎవరిని గుర్తు చేసుకుందో అదే ఆ నాటకం అసలు పని.

పెనుకొండ_పవన్
అక్టోబరు 10

రవళి గారి పోస్టు మా సార్‌కి అనువాదం చేసి చదివి వినిపించా. ఆ మట్టి గోడల మాట రాగానే ఆయన ఫోన్ తీసి వాళ్లమ్మకి వీడియో కాల్ చేశాడు. ఇప్పుడు నన్ను కూడా రమ్మంటున్నాడు. వీసా పని మొదలుపెట్టాలి, వచ్చే ఏడాది చుసోక్ సెప్టెంబరు 25 అంటున్నారు, పండుగ దానికి ముందా వెనకా?

దేజన్_దారి
అక్టోబరు 10

తేదీలు ప్రకటించేదాకా ఆగండి. మామూలుగా సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదటి వారం మధ్యలోనే ఉంటుంది, టికెట్ కొనేముందు పండుగ సైటులో శనివారాలు చూసుకోండి. ఫోన్‌లో నేవర్ మ్యాప్ వేసుకోండి, గూగుల్ మ్యాపులో ఇక్కడ నడక దారి సరిగ్గా రాదు.

పెనుకొండ_పవన్
అక్టోబరు 10

సరే అన్నా. రవళి గారూ, ఆ ఇంటావిడ నంబరు మెసేజ్ చేస్తారా?

రాజమండ్రి_రవళి
అక్టోబరు 10

చేశాను చూడండి. ఆవిడకి ఇంగ్లీష్ రాదు, ఫోన్ ఎత్తితే కొరియన్‌లోనే మాట్లాడాలి, మీ సార్ చేత చేయించండి. మెసేజ్ అయితే అనువాదం యాప్‌లో పెట్టుకుని చదువుతుంది, జవాబు మరుసటి రోజు వస్తుంది. చింతపండు అరకిలో తెస్తానని రాయండి, గది ఖాయం.